ఎస్ప్రెస్సో: అంగడినుండి వంటయింటికి

మన ప్రాంతములలో పెండ్లివిందు ముగించి చేయి కడుగుకొని వచ్చువారికి పందిరి మూలనుండి ఒక బుసబుస ధ్వని వినవచ్చుట కలదు. అచ్చట తళతళలాడు లోహపు యంత్ర మొకటి యుండును. దాని ప్రక్కనున్న వంపు గొట్టమును పాలగిన్నెలో ముంచి, పనివాడు ఆవిరి వదలును. పాలు పొంగి నురుగు కట్టగనే కప్పులలో పోసి, పైన చిటికెడు కోకో పొడి చల్లి అందిచ్చును. దీనిని మనవారు ఎస్ప్రెస్సో కాఫీ యందురు. పిల్లలు పెద్దలు అను భేదము లేక ఆ యంత్రము చుట్టు మూగుదురు.

ఇటలీ దేశస్థు డెవడైన ఆ పందిరిలోనికి వచ్చి, ఆ పేరు విని, ఆ కప్పు పుచ్చుకొన్నచో కొంత విస్మయము చెందక మానడు. అతడెరిగిన ఎస్ప్రెస్సోలో పాలుండవు. అది రెండు మూడు గుక్కలకు మించని చిక్కని నల్లని ద్రవము. దానిపై గోధుమవన్నె నురుగు పలుచని మీగడవలె పరచుకొని యుండును. అయినను మన పెండ్లిపందిరి యంత్రమును పరిహసించుట నా యుద్దేశము కాదు. దాని బుసలో ఒక చరిత్ర యున్నది. ఇటలీవారి ఎస్ప్రెస్సో కూడ ఆవిరితోనే పుట్టి, సుమారు అరువది సంవత్సరములు ఆవిరితోనే పెరిగి, పిదప ఆవిరిని విడిచినది.

ఈ చరిత్ర తెలిసికొనుట కేవలము వినోదము కొరకు కాదు. ఇటీవల మన నగరములలో ఇంటియందే ఎస్ప్రెస్సో చేసికొనవలెనను కోరిక హెచ్చినది. వేలకొలది రూపాయలు పోసి యంత్రమును కొని, వారము దినములు చేదునీరు త్రాగి, ఎనిమిదవనాడు దానిని అటక యెక్కించిన గృహస్థులు నాకు తెలిసినవారిలోనే యున్నారు. లోపము వారి చేతిలో లేదు. తాము కొనినది ఏ కాలపు వస్తువో వారికి తెలియదు. అంగడిలో ఒకే అలమారపై, ఒకే పేరుతో, మూడు వేరు వేరు కాలములకు చెందిన సాధనములు ప్రక్కప్రక్కన నిలిచి యున్నవి.

ఎస్ప్రెస్సో యను ఇటాలియను మాటకు 'పిండి తీసినది' యని యర్థము. 'ప్రత్యేకముగా ఒకరి కొరకు చేసినది' యని మరియొక యర్థము. 'సత్వరము' అను భావము కూడ దానికి తోడయినది. ఈ మూడును ఆ పానీయమునకు చెల్లును. పందొమ్మిదవ శతాబ్దము చివర ఐరోపా పట్టణములలో కాఫీ అంగళ్లు వ్యాపారులతోను, గుమాస్తాలతోను క్రిక్కిరిసియుండెడివి. కాఫీ కాచుటకును, వడియుటకును పట్టు కాలము అంగడివానికి నష్టముగా తోచెను. ఆవిరి యంత్రములు రైళ్లను నడుపుచున్న కాలమది. అదే యావిరి కాఫీని ఏల త్వరగా దింపగూడదను ఆలోచన పుట్టుట సహజము.

1884లో టూరిన్ నగరమున జరిగిన గొప్ప ప్రదర్శనమునందు ఆంజెలో మొరియోందో అను నతడు ఒక ఆవిరి కాఫీ యంత్రమును ప్రదర్శించి కంచు పతకము పొందెను. ఆ సంవత్సరమే దానికి పేటెంటు హక్కును సంపాదించెను. ఇతడు అదే నగరమున హోటలును, పానశాలను నడపినవాడు. ఆయన యంత్రము ఒక్కసారికి పెక్కు కప్పుల కాఫీని మొత్తముగా దింపునది. కప్పునకు కప్పు వేరుగా చేయునది కాదు. ఆయన దానిని విరివిగా తయారుచేసి అమ్మలేదు. కొన్ని మాత్రము చేయించి తన వ్యాపారమునకే యుంచుకొనెను. అందుచేతనే కాబోలు, ఆయన పేరు చాలకాలము మరుగుపడిపోయినది.

కప్పునకు కప్పు వేరుగా దించు పద్ధతికి 1901లో మిలాన్ నగరవాసి యగు లుయీజీ బెజ్జేరా పేటెంటు కోరెను. పిడిగల ఒక చిన్న జల్లెడగిన్నెలో పొడి నింపి, దానిని యంత్రమునకు తగిలించి బిగించుట ఆయన కల్పనయే. నేటి యంత్రములన్నిటను ఆ పిడి అట్లే యున్నది. బెజ్జేరా శిల్పి యేగాని వర్తకుడు కాడు. దెసిదేరియో పావోనీ యను నతడు ఆ హక్కులను కొని, 1905 నుండి 'ఇదియాలె' యను పేర యంత్రములను తయారుచేయించెను. 1906లో సింప్లాన్ సొరంగమార్గము తెరచిన సందర్భమున మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనములో జనులీ కాఫీని రుచిచూచిరి. అది మొదలు పెద్ద పెద్ద అంగళ్లలో, శిఖరముపై గరుడపక్షి బొమ్మలతో, ఇత్తడి రాగి తాపడములతో, ఆలయ కలశములవలె నిలువెత్తు యంత్రములు వెలసినవి. 1922లో కాప్పియెల్లో యను చిత్రకారుడు వీనిలో నొక యంత్రమునకు వ్రాసిన ప్రకటన చిత్రము ప్రసిద్ధము: రైలునుండి వెలుపలికి వంగి ఒకడు యంత్రమునుండి కాఫీ కప్పు నందుకొనుచుండును. ఆవిరికిని వేగమునకును ఆనాటివారి మనస్సులో ఎట్టి ముడి యుండెనో ఆ బొమ్మ చూచిన చాలును.

అయితే ఆ కాఫీ రుచి యెట్టిది? మన గృహిణులకు దీనిని వివరించుట సులభము, ఏలయన ప్రెషరు కుక్కరు వారి కనుదినము పరిచయమైనది. కుక్కరులో ఆవిరి బయటకు పోకుండ బంధించినచో లోపలి ఒత్తిడి పెరుగును. దానితోడనే నీటి వేడి నూరు డిగ్రీలు దాటి నూటయిరువది వరకు పోవును. పప్పుడుకుటకు అది మేలే. కాఫీ పొడికి అది కీడు. తొంబది డిగ్రీల ప్రాంతమున నీరు కాఫీలోని మంచి రుచులను దింపును. అంతకు మిక్కిలి మించిన వేడిలో మాడిన కంపును, చేదును దింపును. బెజ్జేరా, పావోనీల యంత్రములలో ఆవిరియే నీటిని త్రోయునది. ఒత్తిడి కావలెనన్న వేడి పెంచవలెను. వేడి పెంచిన కాఫీ మాడును. ఎంత ప్రయత్నించినను వాతావరణ పీడనమునకు ఒకటిన్నర రెట్లకంటె అధికమైన ఒత్తిడి దానిలో సాధ్యము కాలేదు. కాఫీ నల్లగా, వేడిగా, త్వరగా వచ్చెను. కాని నురుగు మీగడ లేదు, చిక్కదనము లేదు.

ఈ చిక్కుముడిని విప్పుటయే ఎస్ప్రెస్సో చరిత్ర యంతయు. ఒత్తిడిని వేడినుండి వేరు చేయుట యెట్లు?

ఈలోపల ఇండ్లలో ఏమి జరుగుచుండెనో చూడవలెను. అంగళ్లలో యావిరి యంత్రములు బుసలు కొట్టుచుండగా, ఇటలీ గృహములలో కాఫీ నెమ్మదిగా బొట్టు బొట్టుగనే దిగుచుండెను. నేపుల్స్ ప్రాంతమున వాడుకయందున్న పాత్ర మన ఫిల్టరునకు దగ్గరి చుట్టమని చెప్పవచ్చును. రెండు గిన్నెలు ఒకదానిపై నొకటి, నడుమ పొడికి జల్లెడ. క్రింది గిన్నెలో నీరు మరుగగనే పాత్రను తలక్రిందులు చేయుదురు, నీరు పొడిగుండ దిగును. దీనిని 1819లో పారిస్ నగరపు రేకుపనివాడు మోరీజ్ అను నతడు కల్పించెనందురు. నేపుల్స్ వారు దానిని తమ సొంతము చేసికొనిరి. ఎదువార్దో దె ఫిలిప్పో అను ప్రసిద్ధ నాటకకర్త 1946 నాటి తన నాటక మొకదానిలో, ఒక గృహస్థు తన మేడవసారాపై కూర్చుండి ఈ పాత్రతో కాఫీ దించు విధానమును ఎదురింటివానికి సావకాశముగా వివరించు ఘట్టము నుంచెను. వాసన పోకుండ పాత్ర ముక్కునకు కాగితపు పొట్లమును తొడుగుట అందలి రహస్యము. డికాషను దిగువరకు ఫిల్టరుపై మూత తీయనీయని మన యవ్వలకు ఈ గృహస్థు మాట చక్కగా నర్థమగును.

1933లో ఈ గృహకాఫీకి పెద్ద మార్పు వచ్చెను. ఇటలీకి ఉత్తరమున ఒమేన్యా సమీపమందలి క్రుసినాల్లో యను చిన్న యూరిలో అల్ఫోన్సో బియాలెత్తి యను లోహపు పనివాడు అల్యూమినియముతో ఎనిమిది పలకల పాత్ర నొకదానిని వెలయించెను. ఇతడు కొన్ని సంవత్సరములు ఫ్రాన్సులో అల్యూమినియము పోతపని చేసి వచ్చినవాడు. ఆ కాలమున బట్టలుతుకు పాత్రలు కొన్నిటిలో నడుమ నొక గొట్టముండి, మరుగు సబ్బునీరు దానిగుండ పైకెగసి బట్టలపై పడుచుండెడిది. దానిని చూచియే ఆయన కీ యూహ తట్టినదని చెప్పుకొందురు. యెమన్ దేశపు రేవుపట్టణము పేర ఆ పాత్రకు 'మోకా' యని పేరిడిరి. క్రింద నీరు, నడుమ పొడి, పైన కాఫీ. పొయ్యిపై నుంచగనే లోపలి గాలియు ఆవిరియు నీటిని పైకి త్రోయును. దీనికి కరెంటు వలదు, నేర్పరి వలదు, బల్లయంత యంత్రము వలదు.

ఆ తరువాతి సంవత్సరములు ఇటలీకి మంచివి కావు. 1935లో ఇథియోపియాపై దండెత్తినందులకు నానాజాతి సమితి యాంక్షలు విధించెను. ఆపై మహాయుద్ధము వచ్చెను. కాఫీ గింజలు కరవై, జనులు బార్లీని, చికోరీని వేయించి త్రాగిరి. బియాలెత్తి తన పాత్రలను చుట్టుప్రక్కల సంతలలో అమ్ముకొనుచుండెను. యుద్ధానంతరము ఆయన కుమారుడు రెనాతో వ్యాపారము చేపట్టి, ప్రకటనల సాయముతో, మీసాలాయన బొమ్మ గుర్తుతో, మోకాను దేశమంతట ఇంటింట ప్రవేశపెట్టెను. 2016లో రెనాతో మరణించినపుడు ఆయన చితాభస్మమును ఒక పెద్ద మోకా పాత్రయందే యుంచిరి. ఒక వంటపాత్రకు ఇంతకంటె మించిన గౌరవము మరి యెచ్చటనైన దక్కినదో లేదో!

మోకా కాఫీ మంచి కాఫీ. కాని అది ఎస్ప్రెస్సో కాదు. దానిలో ఒత్తిడి ఒకటి ఒకటిన్నర రెట్లు మాత్రమే. అనగా ఆవిరి కాలపు యంత్రములతో సమానము. ఈ సంగతి తెలియక నేనొక పొరపాటు చేసితిని. మోకా పాత్ర కొత్తగా ఇంటికి వచ్చిన దినమున, ఫిల్టరులో వేయు అలవాటున చికోరీ కలిసిన మెత్తని పొడినే నింపి, చెంచాతో గట్టిగా నదిమి, పెద్ద మంటపై నుంచితిని. చికోరీ తడియగనే జిగురుకట్టి దారి మూసినది. కాఫీ పైకి రాలేదు. ప్రక్కనున్న రక్షక కవాటము మాత్రము ఈల వేసి ఆవిరి చిమ్మినది. మా యింటివారు కుక్కరనుకొని లోపలినుండి 'మూడు కూతలకు దింపుడు' అని కేకవేసిరి! మోకాకు రవ్వవంటి పొడి, చికోరీ లేనిది, అదుమక వదులుగా నింపవలెను. నీరు కవాటమునకు దిగువనే నిలువవలెను. మంట చిన్నదిగా నుండవలెను. గరగర ధ్వని మొదలుకాగనే దింపవలెను. ఆ ధ్వని నీరైపోయి ఆవిరి వచ్చుచున్నదనుటకు గురుతు. చవకయు సులభమునగు ఈ పాత్రతో తృప్తిపడువారికి మరి యే యంత్రమును అక్కరలేదని నా యభిప్రాయము.

ఇక చిక్కుముడి సంగతి. ఒత్తిడికి ఆవిరిని నమ్ముకొనరాదని ముందుగా గ్రహించినవారిలో ఫ్రాన్చెస్కో ఇల్లీ యొకడు. హంగరీ కుటుంబమున జన్మించి ట్రియెస్ట్ రేవున స్థిరపడిన ఈయన 1935లో అణచిన గాలితో నీటిని త్రోయు యంత్రమును నిర్మించెను. దాని పిమ్మట మిలాన్‌లో పానశాల నడపుచున్న అకిల్లె గాజ్జా 1938లో ఆవిరి ప్రమేయము లేని పిస్టన్ పద్ధతికి పేటెంటు కోరెను. యుద్ధము ఆ పనికి అడ్డువచ్చెను. యుద్ధము ముగిసినపిదప 1947లో ఆయన స్ప్రింగుతో గూడిన మీటను కల్పించి, మరుసటి సంవత్సరము యంత్రములను వెలువరించెను.

మీటను క్రిందికి లాగినచో స్ప్రింగు ముడుచుకొనును, వేడినీరు పొడిపైకి చేరును. మీటను వదలినచో స్ప్రింగు సాగుచు పిస్టన్‌ను నొక్కును. ఆ నొక్కుడుకు నీరు తొమ్మిది వాతావరణముల ఒత్తిడితో పొడిగుండ దూసికొనిపోవును. వేడి మాత్రము తొంబది డిగ్రీల చెంతనే నిలుచును. ముడి విడిపోయినది. పిస్టన్ గొట్టములో పట్టు నీరు కొంచెమే గనుక కప్పులోని కాఫీయు కొంచెమే. ఎస్ప్రెస్సో చిన్నకప్పుకు పరిమితమగుటకు కారణము ఇదియే. ఎవరి పిసినారితనమును కాదు.

ఆ కప్పుపై ఎన్నడును చూడని గోధుమవన్నె నురుగు తేలెను. వేయించిన గింజలలో దాగియున్న బొగ్గుపులుసు గాలి ఒత్తిడికి నీటిలో కరగి, కప్పులోనికి రాగానే బుడగలై లేచును. గింజలలోని నూనె చిన్న చిన్న తుంపరలై ద్రవమునందు కలిసి చిక్కదనము నిచ్చును. మొదట అంగడికి వచ్చినవారు ఈ నురుగును చూచి సందేహించిరి, ఇదేమి మురికి యని. గాజ్జా దానికి 'కాఫీ సహజపు మీగడ' యను భావము వచ్చు పేరిడి, తన యంత్రము ఆవిరి లేకయే పనిచేయునని చాటెను. సందేహించినవారే ఆ మీగడ లేని కాఫీని కొలది సంవత్సరములలో త్రోసిపుచ్చిరి.

1961లో ఫాయేమా కంపెనీకి చెందిన ఎర్నెస్తో వాలెంతే 'ఇ 61' అను యంత్రమున మీటకు బదులు విద్యుత్ పంపును ఉంచెను. ఆ సంవత్సరపు సూర్యగ్రహణము పేర దాని కా పేరు వచ్చెను. పంపు చన్నీటిని బాయిలరు లోపలి గొట్టముగుండ త్రోయును; నీరు ఆ దారిలో కాగి, తాజాగా పొడిని చేరును. నాడు అంగడివాని భుజబలముతో నడచిన పని నేడు మీట త్రిప్పినంత మాత్రమున జరుగుటకు మూలము ఆ యంత్రమే.

ఇంటి కొరకు చిన్న యంత్రములు చేయు ప్రయత్నము కూడ ఆ కాలముననే సాగెను. గాజ్జా 1952లో 'గిల్డా' యను గృహయంత్రమును వెలువరించెను. పావోనీ సంస్థవారి 'యూరోపిక్కొలా' 1961 నాటిది. దీనిలో స్ప్రింగు కూడ లేదు. మీటను నొక్కు చేతిబలమే ఒత్తిడి. బలము ఎక్కువైన కాఫీ చేదెక్కును, తక్కువైన పులియును. నెలల తరబడి అభ్యాసము చేసిన గాని చేయి కుదురదు. దానిని ప్రేమించువారు నేటికి నున్నారు. తొలిసారి కొనువారికి మాత్రము నేను దానిని సిఫారసు చేయను. ఆ తరువాతి దశాబ్దములలో విద్యుత్తుతో కంపించు చిన్న పంపులు వచ్చి, బల్లపై పట్టు యంత్రములలో అమరినవి. 1976లో నెస్లే సంస్థలో పనిచేయుచున్న ఎరిక్ ఫావ్ర్ పొడిని చిన్న డొల్లలలో మూసిపెట్టు పద్ధతికి పేటెంటు పొందగా, 1986లో అవి అమ్మకమునకు వచ్చినవి. వానిలో శ్రమ లేదు. గింజను ఎన్నుకొను స్వేచ్ఛయు లేదు.

ఇప్పుడు మరల అంగడి యలమార వద్దకు పోదము. తక్కువ వెలకు దొరకు, పైన మర మూత బిగించు, పంపు లేని చిన్న విద్యుత్ యంత్రమున్నది చూడుడు. అది బెజ్జేరా సూత్రము, 1901వ సంవత్సరము. దాని ప్రక్కనున్న ఎనిమిది పలకల పాత్ర 1933. పంపుగల యంత్రము 1961. మూడింటి పెట్టెలపైనను ఎస్ప్రెస్సో యనియే యుండును. మొదటిదానికంటె మోకా మేలు. అది చవక, చెడిపోవునది తక్కువ, తాను కాని దానిగా నటించుట తక్కువ. ఎస్ప్రెస్సోయే కావలెనన్నచో మూడవదే కొనవలెను. పెట్టెపై పదునైదు బార్‌ల ఒత్తిడి, ఇరువది బార్‌ల ఒత్తిడి యని పెద్దక్షరములు కనిపించినచో మురిసిపోవలదు. కావలసినది తొమ్మిది, తక్కినది పంపు ఉత్త స్థితిలో చూపగల శక్తి మాత్రమే. ఇంకొక సంగతి: చాల యంత్రములతో వచ్చు జల్లెడగిన్నెకు అడుగున రెండు పొరలుండి, రెండవ పొరకు ఒక్క చిన్న రంధ్రమే యుండును. ఆ రంధ్రముగుండ చిమ్ముటచేత ఎట్టి పొడికైనను నురుగు లేచును. అది గాజ్జా మీగడ కాదు. ఒంటిపొర జల్లెడ దొరకునేమో అడుగుడు.

కాని యంత్రముకంటె ముందు కొనవలసినది వేరొకటి యున్నది. అది మర. తొమ్మిది రెట్ల ఒత్తిడితో వచ్చు నీరు దయదాక్షిణ్యములు లేనిది. పొడిలో ఎచ్చట సందు దొరకిన అచ్చటనే దూరిపోవును. పొడిలో కొంత నలుసు, కొంత గరుకు ఉన్నచో, గరుకు ప్రక్కనుండి నీరు జారి పులిసిన రుచిని, నలుసునుండి చేదును తెచ్చును. ఫిల్టరు డికాషను గంటసేపు దిగును గనుక ఈ తప్పులను క్షమించును. ఇరువదియైదు సెకండ్లలో ముగియు ఎస్ప్రెస్సో క్షమింపదు. మిక్సీ బ్లేడులు గింజను నరుకును; ఎన్నిసార్లు త్రిప్పినను పొడి సమముగా రాదు. రెండు ఉక్కు చక్రముల నడుమ గింజను నలుపు మర కావలెను, ఆ చక్రముల యెడమును వెండ్రుకవాసి సవరించుటకు వీలుండవలెను. మంచి చేతిమర యైనను చాలును. సొమ్ము పరిమితమైనచో మరకు సగము, యంత్రమునకు సగము కేటాయించుట న్యాయము. మిక్కిలి మంది తొంబది పాళ్లు యంత్రమునకే వెచ్చించి, మరను మరతురు.

ఇందులో మనకు సిగ్గుపడవలసిన విషయ మొకటి కలదు. మా తాతగారి యింట పీబెరీ, ప్లాంటేషను గింజలను సమపాళ్లలో తెప్పించి, వారమున కొకసారి ఇనుప మూకుడులో వేయించెడివారు. వంటయింటి గడప ప్రక్క చెక్కకు బిగించిన చేతిమర యుండెడిది. ప్రొద్దుననే దాని పిడి త్రిప్పుట పిల్లల పని. ఏ యూటకు ఎంత సన్నము కావలెనో మా నాయనమ్మ ప్రక్కనున్న మరచుట్టును తన వ్రేలితో సవరించి నిర్ణయించెడిది. తాజాగా వేయించుట, అప్పటికప్పుడు విసరుట, సన్నమును చేతితో గుర్తెరుగుట: మిలాన్ నగరమున ఎస్ప్రెస్సో చేయువాడు నేర్చుకొను పాఠములలో సగము ఆ గడపలోనే యుండెను. తరువాత పొడి అంగళ్లు వచ్చి, ఆపై సీలు సంచులు వచ్చి, ఆ మర పాత ఇనుము వానిని చేరెను.

గింజల విషయమున చరిత్ర మనవైపునకే మరలును. కాఫీలో అరబికా, రొబస్టా యని ప్రధానముగా రెండు జాతులు. అరబికాకు సువాసన, మృదుత్వము; రొబస్టాకు చిక్కదనము, చేదు, కెఫీను అధికము. ఒంటి రొబస్టా కాఫీని పలువురు చిన్నచూపు చూచిరి. ఎస్ప్రెస్సో వచ్చినపిదప దానికి కొత్త విలువ కలిగెను. ఏలయన దట్టమైన మీగడ నిలుచుటకు కొంత రొబస్టా తోడ్పడును. ఇటలీలో దక్షిణమునకు పోవుకొలది మిశ్రమమున రొబస్టా పాలు హెచ్చుట చూడవచ్చును. భారతదేశపు పంటలో అధికభాగము రొబస్టాయే. మన కాఫీని కొను దేశములలో ఇటలీ చాలకాలముగా అగ్రస్థానమున నున్నది. కొడగు, వయనాడు తోటల గింజ నేపుల్స్ నగరపు కప్పులో మీగడయై తేలుచుండగా, మనము ఇటలీ ముద్రగల డబ్బాను ఎక్కువ వెలకు కొని తెచ్చుకొనుట వింతగా లేదా?

వానగాలి పట్టించిన మలబారు గింజ సంగతి మరింత వింతయైనది. తెరచాపల ఓడల కాలమున మన పడమటి తీరమునుండి ఐరోపా చేరుటకు నెలలు పట్టెడిది. సముద్రపు తేమకు గింజలు ఉబ్బి, పచ్చదనము పోయి, పసిమివన్నె దాల్చెడివి. అచ్చటివారు ఆ రుచికే అలవాటుపడిరి. 1869లో సూయజ్ కాలువ తెరచి, ఆవిరి ఓడలు వచ్చి, గింజ పచ్చిగానే చేరుటతో, పాత రుచి యేదని యడిగిరట. అప్పుడు మంగళూరు ప్రాంతపు వర్తకులు తెరచిన కొట్లలో గింజలను పరచి వానకాలపు గాలిని పట్టించు పద్ధతిని అవలంబించిరి. పులుపు దాదాపుగా లేని ఈ గింజ ఎస్ప్రెస్సో మిశ్రమములలో నేటికిని ప్రీతిపాత్రమే.

మన అరకు లోయలో గిరిజన రైతులు పండించు కాఫీ అరబికా. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. అంతకు రెండేండ్లు ముందు, 2017లో, అరకు పేరుతోనే పారిస్ నగరమున ఒక కాఫీ దుకాణము తెరచిరి. ఇంట ఎస్ప్రెస్సో చేయువారు దీనితో మొదలిడవచ్చును. నల్లగా నూనె తేలునట్లు వేయించినది వలదు. మధ్యమముగా వేయించి, సంచిపై వేయించిన తేదీ యున్నది తీసికొనవలెను. వేయించిన నాటికి వారము నిండనిచ్చి వాడుట మేలు. మరీ తాజా గింజలో గాలి అధికమై నురుగు పొంగి దారి తప్పించును. నెల దాటిన గాలి లేక మీగడ కట్టదు. మీగడ దట్టముగా కావలెనన్నచో ఐదు పాళ్లకొక పాలు మంచి రొబస్టా కలుపుకొనవచ్చును. చికోరీ మాత్రము ఫిల్టరునకే విడువుడు.

కొలతలకు ఇటలీవారే ప్రమాణము నేర్పరచిరి. 1998లో స్థాపితమైన వారి జాతీయ ఎస్ప్రెస్సో సంస్థ చెప్పిన లెక్క: పొడి ఏడు గ్రాములు, ఒత్తిడి తొమ్మిది బార్‌లు, కాలము ఇరువదియైదు సెకండ్లు, కప్పులోనికి మీగడతో గూడ ఇరువదియైదు మిల్లీలీటర్లు. నేటి గృహయంత్రములలో రెండు కప్పుల జల్లెడయే వాడుక గనుక, పదునారు నుండి పదునెనిమిది గ్రాముల పొడికి అంతకు రెట్టింపు బరువుగల కాఫీ దింపుట అనుకూలము. వంటయింటి చిన్న త్రాసు దీనికి చాలును. యంత్రమును పావుగంట ముందుగా వేడెక్కనిచ్చి, పిడిగల గిన్నెను కూడ దానికే తగిలించి యుంచవలెను. చల్లని లోహము కాఫీని పులియజేయును. పొడిని సమముగా సర్ది, నిలువుగా ఒక్కమారు గట్టిగా నదుమవలెను. పదునైదు సెకండ్లలోనే గబగబ దిగిపోయినచో మరను సన్నము చేయవలెను. నలుబది దాటినను బొట్లు బొట్లుగానే పడుచున్నచో వదులు చేయవలెను. ఒక్కమారు ఒక్కటి మాత్రమే మార్చవలెను. మొదటి రెండుమూడు దినములు అరపావు గింజలు వృథా యగును. దానికి సిద్ధపడియే మొదలుపెట్టవలెను.

మా యింటి మర ఇప్పటికి పదకొండవ గీత వద్ద కుదురుకొన్నది. తొలకరి పడి గాలిలో చెమ్మ చేరగానే అదే గింజ, అదే గీత, కాఫీ మాత్రము ఆగి ఆగి దిగును. అప్పుడు ఒక్క గీత వదులు చేయుదును. వానలు వెనుకబట్టి ఎండ కాసినపిదప మరల బిగింతును.